సొక్కియా బీ40ఏ ఆటో లెవెల్: ఏళ్ల తరబడి సైట్లలో వాడాక

సైటులో ఫుటింగ్ నుంచి ఆఖరి శ్లాబ్ దాకా ప్రతి ఎత్తూ టీబీఎం (తాత్కాలిక బెంచ్‌మార్క్, అంటే ఎత్తు తెలిసిన గుర్తు) మీద ఆధారపడి ఉంటుంది. ఆ టీబీఎంలు పెట్టడానికి చాలా ఏళ్లుగా నేను వాడుతున్నది ఎత్తుల తేడా కొలిచే ఈ లెవెల్‌నే. టెలిస్కోప్ 24 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. కిలోమీటరు పోయి తిరిగి వచ్చే లెవెలింగ్‌లో 2 మిల్లీమీటర్ల ఖచ్చితత్వం అని కంపెనీ లెక్క. రోడ్లకు, కాలువలకు, అపార్ట్‌మెంట్లకు అది ధారాళంగా సరిపోతుంది.

గుండ్రటి బబుల్‌ను మధ్యకు తెస్తే చాలు, మిగిలిన కాస్త వాలును కాంపెన్సేటరే (చూపును తనంతట తానే మట్టంగా ఉంచే లోపలి భాగం) సరిచేసుకుంటుంది. పక్కనుంచి టిప్పర్ వెళ్లినా క్రాస్ హెయిర్ (టెలిస్కోప్‌లో కనిపించే అడ్డగీత) వెంటనే కుదురుకుంటుంది. ఎన్ని ఎండలు, దుమ్ము తిన్నా ఈ విషయంలో తేడా రాలేదు.

కానీ జీపులో కుదుపులకు చూపు రేఖ కొద్దిగా పైకో కిందికో జరుగుతుంది. ఇది ఏ ఆటో లెవెల్‌కైనా ఉన్నదే. ఉదాహరణకు 50 మీటర్లకు 3 మిల్లీమీటర్లు తప్పుతోందనుకోండి. బ్యాక్ సైట్ (వెనక, ఎత్తు తెలిసిన చోట నిలబెట్టిన స్టాఫ్, అంటే కొలతల కర్ర, దాకా దూరం) 50 మీటర్లు, ఫోర్ సైట్ (ముందు చోట నిలబెట్టిన స్టాఫ్ దాకా దూరం) 20 మీటర్లు ఉంటే, లెవెల్ నిలబెట్టిన ఒక్క స్టేషన్‌కే 1.8 మిల్లీమీటర్ల తేడా. ఎత్తు ఎక్కేటప్పుడు బ్యాక్ సైట్ పొడవుగా, ఫోర్ సైట్ పొట్టిగా రావడం సహజం కాబట్టి ఆ తప్పు ప్రతి స్టేషన్‌లో ఒకే వైపు పేరుకుంటూ పోతుంది. ఇంకా ప్రమాదం ఏమిటంటే, అదే దారిలో దిగి వస్తే తప్పు తలకిందులై రద్దవుతుంది. లూప్ చక్కగా క్లోజ్ అవుతుంది (మొదలుపెట్టిన చోటికే వచ్చి చూస్తే ఎత్తు కలుస్తుంది), తేడా 12√కే మిల్లీమీటర్ల (కే అంటే దూరం కిలోమీటర్లలో) హద్దులోనే ఉంటుంది, పైన పెట్టిన టీబీఎం మాత్రం తప్పు! అందుకే క్లోజింగ్ ఒక్కటే చూసి సంతకం పెట్టేవాళ్లంటే నాకు భయం. బ్యాక్ సైట్, ఫోర్ సైట్ దూరాలు సమానంగా ఉంచాలి, కొత్త పని మొదలుపెట్టే ముందు రెండు పెగ్గుల పరీక్ష (రెండు మేకుల ఎత్తు తేడాను ఒకసారి మధ్య నుంచి, ఒకసారి ఒక మేకు దగ్గర నుంచి చదివి పోల్చడం) చేయాలి. దానికి అరగంట కూడా పట్టదు.

లెవెల్ ఎంత మంచిదైనా టీబీఎం కదిలితే ఏం లాభం? నల్లరేగడిలో పైపైన పాతిన పెగ్గు వానాకాలంలో లేస్తుంది, ఎండాకాలంలో దిగుతుంది. బండరాయి దొరికితే దాని మీద, లేకపోతే కుదురుకున్న పాత కల్వర్టు మీద గుర్తు పెట్టిస్తాను. కనీసం మూడు ఉండాలి. రెండే ఉండి తేడా వస్తే కదిలింది ఏదో తేలదు.

ఎత్తులకు జీపీఎస్ చాలదా అని కుర్ర ఇంజనీర్లు అడుగుతుంటారు. అది ఇచ్చేది ఎలిప్సాయిడ్ (లెక్క కోసం భూమికి అనుకున్న నున్నటి ఆకారం) నుంచి ఎత్తు. హైదరాబాద్ దగ్గర సముద్రమట్టం లెక్కకూ దానికీ 70 మీటర్లకు పైగా తేడా. జియాయిడ్ మోడల్‌తో (సముద్రమట్టాన్ని చూపే నమూనా) సరిచేసినా తప్పు సెంటీమీటర్లలోనే ఉంటుంది, శ్లాబ్ లెవెల్‌కు అది కుదరదు.

లోపం చెప్పాలంటే, దూరం పెరిగితే 24 రెట్లు చాలదు. మే నెల మధ్యాహ్నం వేడికి అంకెలు ఆడుతుంటాయి, 40 మీటర్లు దాటి నేను చదవను. బ్రిడ్జి బేరింగులు, మెషీన్ ఫౌండేషన్లు చేసేవాళ్లు ఇదే కంపెనీ బీ20 తీసుకోవడం మేలు, అది 32 రెట్లు. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే డబ్బులిచ్చే ముందే షాపు ఎదుట రెండు పెగ్గుల పరీక్ష చేయించండి. స్టాఫ్ జాయింట్లు అరిగాయేమో టేపు పెట్టి చూడండి.