రెండేళ్లు నడిపాక చెబుతున్నా: లారీ బ్రేక్ బూస్టర్ మొత్తం మార్చకుండా లోపలి రబ్బరు డయాఫ్రమ్ ఒక్కటే వేయించుకుంటే ఎలా ఉంది

2023 జూలైలో హైదరాబాద్ నుంచి లోడుతో వస్తుంటే నందిగామ దాటాక బ్రేకు తొక్కినప్పుడల్లా వెనక నుంచి బుస్సుమని గాలి పోవడం మొదలైంది. కాలు తీస్తే చప్పుడు లేదు. ఎనిమిది దగ్గర ఉండాల్సిన గాలి ముల్లు రెండు మూడుసార్లు తొక్కేసరికి అయిదుకి దిగింది. ఇంకా దిగితే వెనక చక్రాలు వాటంతటవే పట్టేస్తాయి. పక్కకి ఆపి, గాలి నిండేదాకా ఉండి, మెల్లగా విజయవాడ ఆటోనగర్ చేరాను.

మొదటి షెడ్డులో చూసిన వెంటనే "బూస్టర్ పోయింది, కొత్తది 5,200" అన్నారు. బూస్టర్ అంటే గాలి ఒత్తిడితో చక్రానికి బ్రేకు పట్టించే డబ్బా. ఒకటి మారిస్తే రెండోది కూడా మార్చాలన్నారు. నాది పది టైర్ల బండి, అప్పటికే ఆ నెల టైర్లకి ఖర్చయింది. రెండో షెడ్డులో ముసలి మేస్త్రి మాత్రం సామాను సంగతి ఎత్తకుండా సబ్బు నీళ్లు తెమ్మన్నాడు. హ్యాండ్ బ్రేకు తీసి ఉంచాడు, గాలి పోవడం లేదు. నన్ను బ్రేకు తొక్కమన్నాడు, ముందు సగం మీద నురగ లేచింది. "స్ప్రింగు సగం బాగానే ఉందయ్యా, డయాఫ్రమ్ రబ్బరు చిరిగింది, అంతే" అన్నాడు.

నా డబ్బు మిగిలింది ఇక్కడే. వెనక చక్రాల బూస్టర్లో రెండు గదులుంటాయి. ముందు సగం కాలి బ్రేకుది, వెనక సగం హ్యాండ్ బ్రేకు స్ప్రింగుది. హ్యాండ్ బ్రేకు తీసి ఉన్నప్పుడు ఆ స్ప్రింగుని గాలే అణిచి ఉంచుతుంది. తొక్కినప్పుడే గాలి పోతే మొదటిది, హ్యాండ్ బ్రేకు తీసి ఉన్నంతసేపూ పోతుంటే రెండోది. ఇంకో తిరకాసు ఉంది. రెండు గదుల మధ్య సీలు పోతే గాలి రిలే వాల్వ్ (వెనక బూస్టర్లకి గాలి పంపే వాల్వ్) నుంచి బయటికి వస్తుంది. అది చూసి వాల్వ్ పోయిందనుకుని అనవసరంగా కొత్త వాల్వ్ కొన్నవాళ్లు నాకు తెలుసు. హ్యాండ్ బ్రేకు వేసి చూడండి. లీకు ఆగితే వాల్వ్ తప్పు కాదు.

నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. మేస్త్రి కంపెనీది తెమ్మంటే 140 రూపాయలకి లోకల్ డయాఫ్రమ్ తెచ్చాను. నవంబరులో మళ్లీ అదే బుస్సు. విప్పితే రబ్బరు ఉబ్బి, వేలితో నొక్కితే మెత్తగా ఉంది, చేతికి ఆయిల్ అంటింది. తప్పంతా ఆ రబ్బరుదే అనలేను. కంప్రెసర్ నుంచి ఆయిల్ గాలిలో కలిసి వస్తోంది, గాలిలో తేమని పట్టే ఎయిర్ డ్రయర్ కాట్రిడ్జ్ మార్చి ఎన్నాళ్లయిందో నాకే గుర్తు లేదు.

ఈసారి రెండు పక్కలా వాబ్కో డయాఫ్రమ్‌లు వేయించాను. 2022లో కంపెనీ పేరు జెడ్‌ఎఫ్‌గా మారినా ఆటోనగర్‌లో అందరూ వాబ్కో అనే అడుగుతారు. ఒక్కోటి 420, కూలి 600, డ్రయర్ కాట్రిడ్జ్ 2,200, మొత్తం 3,640. రెండు కొత్త బూస్టర్లయితే 10,400 అయ్యేది. కొనేముందు పాత బూస్టర్ మీద ఉన్న సైజు నంబరు చూసుకోండి. 24కి బదులు 30 తెస్తే మళ్లీ కొట్టుకి తిరగాలి.

అప్పటి నుంచి 2025 చివరిదాకా లక్షన్నర కిలోమీటర్ల పైనే తిరిగాను. ఎడమ పక్క డయాఫ్రమ్ ఇప్పటికీ, కుడి పక్కది ఆ బూస్టర్ మొత్తం మార్చేదాకా, ఒక్కసారి కూడా బుస్సుమనలేదు. పొద్దున్నే ట్యాంకుల్లో నీళ్లు వదలడం మాత్రం క్లీనర్‌కి వదిలేయకుండా నేనే చేస్తున్నా. మొదటి నెలల్లో గోధుమ రంగు జిడ్డు నీళ్లు వచ్చేవి, ఇప్పుడు ఉత్త తేమే.

ఈ పని రోడ్డు పక్కన సొంతంగా చేయొచ్చా అని తోటి డ్రైవర్లు అడుగుతుంటారు. నేనైతే చేయను. చక్రాలకి అడ్డం పెట్టి, వెనక రిలీజ్ బోల్టు తిప్పి స్ప్రింగుని పూర్తిగా బిగించాకే ముందు సగం క్లాంపు విప్పాలి. వెనక సగం మూత మేస్త్రి కూడా విప్పడు. లోపలి స్ప్రింగు ఎగిరి తగిలితే మనిషి బతకడు. బిగించాక స్లాక్ అడ్జస్టర్ (బ్రేకు లైనింగుకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ సరిచేసేది) చూపించుకోవడం మర్చిపోవద్దు.

2025 అక్టోబరులో కుడి పక్క బూస్టర్ హ్యాండ్ బ్రేకు తీస్తే ఆగకుండా గాలి వదలడం మొదలుపెట్టింది. ఇది వెనక సగం. ఈసారి బేరం మాట ఎత్తకుండా కొత్తదే వేయించాను. 2025 సెప్టెంబరు 22 నుంచి విడి భాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి బిల్లు తీసుకున్నా మునుపటంత బరువనిపించలేదు. సెకండ్ హ్యాండ్‌ది 1,500కి ఇస్తానన్నాడు ఒకడు. లోపలి స్ప్రింగు ఎంత తుప్పు పట్టిందో పైనుంచి కనబడదు, వద్దన్నాను.

పాతదాన్ని పాత ఇనుపసామాను వాడు కిలోల లెక్కన అడిగాడు. మేస్త్రి ఇవ్వనివ్వలేదు. స్ప్రింగు ఇంకా బిగుసుకునే ఉంది, వాడు తెలియక గ్యాస్ కట్టర్ పెడితే ఎలాగని తన షెడ్డులోనే ఓ మూలన పెట్టించాడు.