బూడిద తెగులుకు వేపనూనె మేలా, ఎల్లిగడ్డ కషాయం మేలా?

చలి మొదలైతే చాలు, నల్గొండ వైపు బెండ, బీర వేసిన రైతులు అడిగేది ఇదే: ఆకుల మీద బూడిద పట్టింది, మందు కొనకుండా వేపనూనె కొట్టాలా, ఎల్లిగడ్డ కషాయమా?

ఏది కొట్టాలో తేల్చే ముందు బూజు ఎక్కడుందో చూడాలి. నా లెక్కలో అసలు తేడా అక్కడే. బెండ, బీర, దోసల మీద వచ్చే బూడిద తెగులు ఆకు పైపొర మీదే పాకుతుంది. వేలితో రుద్దితే పొడి అంటుకుంటుంది. కాబట్టి మనం చల్లింది దానికి తగులుతుంది. మిరపలో పేరు అదే గానీ తీరు వేరు. ఆ శిలీంధ్రం ఆకు లోపల పెరిగి అడుగున తెల్లగా కనబడుతుంది, పైన పసుపు మచ్చలు పడతాయి, ఆ తర్వాత ఆకు రాలుతుంది. దానికి పై పూతలు సరిగా అందవు. టమాటా ఆకుమాడు తెగులూ అంతే, మచ్చ కనబడేసరికి లోపలికి దిగిపోయి ఉంటుంది. వీటికి కషాయాలు ముందుజాగ్రత్తకే.

ఇక ఎల్లిగడ్డ. అందులో పనిచేసే అల్లిసిన్ రెబ్బ నలిగినప్పుడే పుడుతుంది. మరగబెడితే దాన్ని పుట్టించే ఎంజైమే పాడైపోతుంది. చాలామంది పొయ్యి మీద పెట్టి, ఘాటంతా ఇంటికి పంచి, మిగిలిన నీళ్లు చేనుకు కొడతారు! పచ్చిగా దంచి, నీళ్లలో కలిపి, వడకట్టి అదే రోజు వాడాలి. అయినా ఆ ఘాటు ఆకు మీద ఎక్కువసేపు నిలవదు. పెరటి మడికైతే సరే, ఎకరం బీరకు ఎన్ని ఎల్లిగడ్డలు దంచుతాం?

వేపనూనె ఆకుకు పొరలా పట్టి ఉంటుంది, అందుకే నా మొగ్గు అటే. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు. ముందు కొంచెం సబ్బు నీళ్లలో చిలికితే గానీ కలవదు. ఆకు రెండు వైపులా తడవాలి, ఎండ తగ్గాకే కొట్టాలి, వారానికోసారి మళ్లీ. తోటంతా తెల్లబడ్డాక మాత్రం దీనితోనూ కాదు. గంధకం చల్లిన తోటలో రెండు వారాల దాకా నూనె జోలికి పోవద్దు, ఆకులు మాడతాయి.

వేప గింజల కషాయం ముఖ్యంగా పురుగుల కోసం. బూజుకు దాన్ని నమ్ముకోను.

నారుకుళ్లు, ఎండు తెగులు మట్టిలోంచి వస్తాయి, ఆకు మీద ఏం కొట్టినా దండగే. అక్కడ ట్రైకోడెర్మా వాడాలి, అది తెగులు శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం, పొడిగా దొరుకుతుంది: 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోలు కలిపి, నీడలో తడి ఆరకుండా వారం పది రోజులు ఉంచి దుక్కిలో వేసుకోవాలి.