మారతహళ్లిలో మదనపల్లె మెస్సు

బెంగళూరు మారతహళ్లి వంతెనకి కాస్త ఇవతల, పీజీ హాస్టళ్ల సందులో ఉంటుంది. బోర్డు సగం చెట్టు చాటునే. నడిపే అక్కావాళ్లది మదనపల్లె. రాగిసంగటి అడగండి. ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోస్తారు, పక్కన ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి. పలుకుల్ని మెత్తగా చేయకుండా రోట్లో కచ్చాపచ్చాగా నూరతారు కాబట్టి పంటికి తగులుతూ ఉంటుంది. చింతాకు పప్పు బాగుంది. సాంబారు జోలికి మాత్రం పోకండి, బెంగళూరు తీపి దానికీ అంటుకుంది.

అచ్చం చిన్న ఊళ్లో ఉన్నట్టే ఉంటుంది, మంచికైనా చెడ్డకైనా. చిల్లర లేదంటే "రేపియ్యి నాయనా" అంటారు. జీతమెంత, పెళ్లెప్పుడు అనే ఆరాలు అన్నంతోపాటు ఉచితం. మా రూమ్మేటు పెళ్లిచూపుల సంగతి నాకంటే ముందు వీళ్ల క్యాషు కౌంటరుకి తెలిసింది! పొద్దున్నే ఊరి టమాటా మార్కెట్‌కి ఫోన్ చేసి ధర కనుక్కుంటారు, ఆ రోజు పచ్చడి ఉందా లేదా అన్నది దాన్నిబట్టే. ఠాగూరు 1919లో జనగణమనని ఇంగ్లీషులోకి మార్చింది తమ ఊళ్లోనే అని కొత్తవాళ్లకి చెప్పకుండా వదలరు. అది నిజమే లెండి.

యాప్ ఆర్డర్లు తీసుకోరు. మధ్యాహ్నం మూడింటికి షట్టరు దించేస్తారు. ఊళ్లో జాతరంటే చెప్పాపెట్టకుండా తాళం, ఇదొక్కటే నాకు ఒళ్లుమండే విషయం. నాటుకోడి పులుసు ఆదివారమే, పన్నెండున్నరలోపు పోతే ముక్కలు దొరుకుతాయి.