బీఏఎస్ఎల్‌పీలో చేర్చే ముందు ఆర్‌సీఐ లెటర్ అడగండి, మేం అడగలేదు

ఇంటర్ బైపీసీ అయ్యాక నీట్‌లో ర్యాంకు రాక, పిల్లల్ని బీఏఎస్ఎల్‌పీలో, అంటే వినికిడి పరీక్షలు, స్పీచ్ థెరపీ నేర్పే డిగ్రీ కోర్సులో చేర్చాలని తిరుగుతున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నా. ఫీజు కట్టకముందే చదవండి. ఆర్‌సీఐ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, ఇలాంటి కోర్సులకు అనుమతిచ్చే కేంద్ర సంస్థ.

మా చిన్నమ్మాయిని పోయిన ఏడాది పక్క రాష్ట్రంలో ఒక ప్రైవేటు కాలేజీలో చేర్చాం. "నాలుగేళ్లు అంకుల్. మూడేళ్లు చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, తర్వాత సొంత క్లినిక్" అన్నాడు కన్సల్టెన్సీ అబ్బాయి. ఆ మాట నిజమే, బీఏఎస్ఎల్‌పీ అంతే. గుర్తింపు ఉందా అని అడిగితే యూజీసీ కాగితం చూపించారు. బ్రోచర్ మీద "ఆర్‌సీఐ గుర్తింపు పొందిన సంస్థ" అని పెద్దక్షరాల్లో ఉంది. లక్షా అరవై వేలు కట్టి వచ్చేశాం.

దసరా సెలవులకు వచ్చినప్పుడు అమ్మాయి మెల్లగా చెప్పింది, ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) గది తాళం ఒక్కసారీ తీయలేదని. కిటికీలోంచి చూస్తే లోపల విరిగిన కుర్చీలున్నాయట. ఓపీకి వారానికి ఇద్దరు ముగ్గురు పేషెంట్లు కూడా రారు. మాటలు ఆలస్యమైన పిల్లల్ని, నత్తి ఉన్నవాళ్లని, పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లని దగ్గర కూర్చుని చూడకపోతే ఈ చదువు దేనికి?

అప్పుడు ఆర్‌సీఐ వెబ్‌సైట్ తెరిచా. కాలేజీ పేరు ఉంది! కానీ దాని పక్కన ఉన్న కోర్సు స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా. బీఏఎస్ఎల్‌పీ లేదు. అంటే బ్రోచర్‌లో రాసింది అబద్ధం కాదు, అందుకే ఇంకా ఒళ్లు మండింది. ఆఫీసులో నిలదీస్తే "ప్రాసెస్‌లో ఉంది సార్, టెన్షన్ పడకండి" అన్నారు. సీనియర్లను అడిగితే వాళ్లకూ రెండేళ్లుగా అదే మాట.

మాకు తెలియక పోయింది ఇది. ఆర్‌సీఐ అనుమతి కాలేజీ మొత్తానికి ఇచ్చేది కాదు, కోర్సు కోర్సుకీ వేరు. ఎన్ని సీట్లు, ఏ విద్యాసంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అన్నది అందులో ఉంటుంది. గడువు దాటిన పాత లెటర్ చూపించేవాళ్లూ ఉంటారు, తేదీ చూసుకోండి. అనుమతి లేని చోట చదివితే ప్రాక్టీస్‌కి అర్హులైనవాళ్ల పేర్లు ఆర్‌సీఐ రాసుకునే సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్‌లో పేరెక్కదు. పేరెక్కకుండా ప్రాక్టీస్ చేస్తే 1992 ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు, వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉంది. వెయ్యి సంగతి సరే, నాలుగేళ్లు చదివించి ఆడపిల్లకి ఆ భయం అంటగట్టడమేంటి.

చేర్చే ముందు ఒక రోజు, చెప్పకుండా, ఉదయం పదింటికి ఓపీ దగ్గర కూర్చోండి. ఎంతమంది వస్తున్నారో మీకే తెలుస్తుంది. పాఠం చెప్పేవాళ్ల ఆర్‌సీఐ రిజిస్టర్ నంబర్లు అడగండి, దాచాల్సినవి కావవి. మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ గురించి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న అలీ యావర్ జంగ్ సంస్థ (వినికిడి, మాట లోపాల మీద పనిచేసే జాతీయ సంస్థ) ప్రాంతీయ కేంద్రం గురించి ముందు కనుక్కోండి. రెండూ కేంద్ర ప్రభుత్వానివి. ఇంత దగ్గర పెట్టుకుని మేం కన్సల్టెన్సీ మాట నమ్మాం.

అమ్మాయిని మాన్పించేశాం. ఫీజు తిరిగివ్వనన్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పిందని కాగితం తీసి చూపిస్తే మార్కుల మెమో ఇచ్చారు. టీసీ కోసం సోమవారం మళ్లీ వెళ్తున్నా, ఇది నాలుగోసారి.