సమ్మెటకు కర్ర పిడా, ఫైబర్ పిడా?

కడప జిల్లాలో ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఉలి, గడ్డపారలతో పొరను విడదీయవచ్చు. మొండి బండ పగలాలంటే మాత్రం సమ్మెట ఎత్తాల్సిందే. దానికి ఏ పిడి మేలని అడిగితే, నేను కర్రవైపే మొగ్గుతాను.

కర్ర పిడి దెబ్బ అదురును కొంత తనలోనే మింగుతుంది. రోజంతా కొట్టే మనిషి మణికట్టుకు అది చిన్న విషయం కాదు. విరిగితే పాత తలకే కొత్త పిడి వేసుకోవచ్చు. కానీ మన ఎండలకు కర్ర కుంచించుకుపోయి తల వదులవుతుంది. చాలామంది అప్పుడు నీళ్లలో నానబెడతారు. దయచేసి అలా చేయకండి. ఉబ్బిన కర్ర ఆరాక మునుపటికంటే ఎక్కువ వదులవుతుంది. తల జారకుండా పిడి కొసలో దిగ్గొట్టే చీలను బిగించి, పిడికి అవిసె నూనె పట్టించాలి. కొనేటప్పుడు కర్రలోని నార, పిడి పొడవునా సాగుతోందో లేదో చూడాలి. నార అడ్డంగా పోయినచోటే అది విరుగుతుంది.

గాజు పోగులతో చేసిన ఫైబర్ పిడి ఎండకు కుంచించుకోదు, చెద పట్టదు. గురి తప్పి పిడే రాయికి తగిలినా కర్రకంటే బాగా తట్టుకుంటుంది కాబట్టి కొత్తగా నేర్చుకునేవారికి ఇదే నయం. పైపూత చిట్లి పోగులు లేస్తే అరచేతిలో గుచ్చుకుంటాయి. ఇక దాన్ని వాడకూడదు.

పిడి ఏదైనా రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. సమ్మెటతో మరో సుత్తి ముఖాన్ని కొట్టకూడదు: గట్టిపరచిన ఉక్కు రెండూ ఢీకొంటే పెచ్చు తూటాలా ఎగురుతుంది. పుట్టగొడుగులా విచ్చుకున్న ఉలి తలనుంచీ అదే ప్రమాదం. ఆ అంచును సానపట్టి తీసేశాకే మళ్లీ చేతపట్టాలి.