ఆటోనగర్‌లో ఫ్యూజు బాక్సు రోగం కనిపెట్టే వైరింగ్ షాపు – 5కి 4 స్టార్లు

విజయవాడలో కారు వైరింగ్ పనికి ఎవరి దగ్గరికి వెళ్ళాలి అని అడిగేవాళ్ళకి ఈ షాపే చెప్తున్నా, ఒక స్టారు ఎందుకు కోశానో కింద రాశా. మ్యూజిక్ సిస్టమ్ బిగించడం, ఫాగ్ లైట్లు పెట్టడం లాంటివి అడిగితే పక్క షాపు చూపిస్తాడు, ఆ పనులు ఈయన చెయ్యడు. బోనెట్ కింద బ్యాటరీ పక్కన నల్ల డబ్బా ఉంటుంది కదా, అదే ఫ్యూజు బాక్సు, బ్యాటరీ కరెంటుని రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్చులు), ఫ్యూజుల మీదుగా ఫ్యాన్‌కి, పెట్రోల్ పంపుకి, హెడ్‌లైట్లకి, వైపర్లకి పంచేది, దాని సంగతి మాత్రం ఈ మేస్త్రీకి బాగా తెలుసు.

మాది పెట్రోల్ సెడాన్, కంపెనీ పేరు ఎందుకులెండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మా చుట్టాల ఇంటి ముందు ఉండిపోయింది, హెడ్‌లైట్ల దాకా నీళ్ళు. ఇన్సూరెన్సులో కార్పెట్లు, ఇంకా ఏవేవో మార్చి ఇచ్చారు, కొన్నాళ్ళు బానే తిరిగింది. ఎండాకాలం వచ్చాక మొదలైంది అసలు కథ. మధ్యాహ్నం పూట వారధి మీద ట్రాఫిక్‌లో ఇంజిన్ ఆగిపోయేది, సెల్ఫ్ కొడితే గిర్రున తిరిగేది కానీ స్టార్ట్ అయ్యేది కాదు, పక్కకి నెట్టి కాసేపు బోనెట్ తెరిచి పెడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యేది. ఇంకోరోజు వాన లేదు ఏం లేదు, వైపర్లు వాటంతట అవే ఒకసారి ఊగి ఆగాయి. రేడియేటర్ ఫ్యాన్ ఇంజిన్ ఆపాక కూడా తిరుగుతూనే ఉండేది (కొన్ని కార్లలో కాసేపు తిరగడం మామూలే, మాది తాళం తీసి ఇంట్లోకెళ్ళి భోంచేసి వచ్చినా ఆగేది కాదు), పొద్దున్నే చూస్తే బ్యాటరీ డౌన్.

బ్యాటరీ షాపువాడు బ్యాటరీ పోయిందన్నాడు. ఇంకో మెకానిక్ పెట్రోల్ పంపు అన్నాడు. షోరూం వాళ్ళు స్కానర్ పెట్టి ఫ్యూజు బాక్సు, దాంతోపాటు బాడీ కంట్రోల్ మాడ్యూల్ (కారు లోపల ఉండి అద్దాలు, డోర్ లాకులు, లోపలి లైట్లు లాంటివి నడిపే కంప్యూటర్ బాక్సు) రెండూ మార్చాలని 46,000 ఎస్టిమేట్ చేతిలో పెట్టారు, ఎందుకు రెండూ అంటే "సేఫ్ సైడ్ సార్" అన్నారు. ఎవరి సేఫ్టీయో మరి.

ఈ మేస్త్రీ దగ్గరికెళ్తే బోనెట్ తెరవకముందే అడిగిన మాట, "అద్దాలు, డోర్ లాకులు, లోపల లైటు సరిగ్గా పనిచేస్తున్నాయాండీ?" అని. చేస్తున్నాయి అన్నా. "అయితే లోపలి బాక్సు జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు, మీకు తేడా చేసేవన్నీ ముందు డబ్బాలోంచి వెళ్ళేవే" అన్నాడు. ఒక్క వస్తువు పాడైతే ఆ వస్తువునో, దాని వైరునో అనుమానించాలట, ఒకదానికొకటి సంబంధం లేని ఫ్యాన్, పంపు, వైపర్ ఒకే నెలలో వంతులేసుకుని పిచ్చి చేష్టలు చేస్తుంటే అవన్నీ కలిసే చోటు ఏదో అక్కడ చూడాలట. వింటే చాలా మామూలు మాటలా ఉంది కానీ అప్పటిదాకా నన్ను ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు.

అలాగని వెంటనే బాక్సు విప్పెయ్యలా. ముందు బ్యాటరీ. ఆపి ఉంచిన కారుకి 12.5 వోల్టులు, స్టార్ట్ చేశాక 14.1, అంటే బ్యాటరీ, దాన్ని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ బానే ఉన్నాయని పక్కన పెట్టేశాడు. తర్వాత బ్యాటరీ టెర్మినళ్ళు, బాడీ ఎర్తు, ఇంజిన్ ఎర్తు (బ్యాటరీ మైనస్‌ని బాడీకి, ఇంజిన్‌కి కలిపే వైర్లు) విప్పి గీకి బిగించాడు, ఎర్తు వదులైతే కూడా అచ్చం ఇవే లక్షణాలు వస్తాయి, సగం మంది అక్కడే వందా రెండొందల్లో అయిపోయేదానికి డబ్బా మార్చేసుకుంటారు అన్నాడు. మాకు అంత అదృష్టం లేదు, ఎర్తులు సరిచేసినా తేడా రాలా.

ఆ తర్వాత చేసింది చూడాలి. వెనక సీటు దగ్గర చెవి పెట్టమన్నాడు, తాళం ఆన్ చెయ్యగానే ట్యాంకులోంచి రెండు సెకన్లు జుయ్ మని పంపు శబ్దం రావాలి. చల్లగా ఉన్నప్పుడు వచ్చింది. హెయిర్ డ్రయ్యర్ తెచ్చి ఫ్యూజు బాక్సు మీద వేడి గాలి కొట్టించాడు కుర్రాడితో, కాసేపటికి తాళం తిప్పితే శబ్దం లేదు, సెల్ఫ్ తిరుగుతోంది, బండి స్టార్ట్ అవ్వదు, వారధి మీద జరిగిందే షాపులో జరిగింది. నాకు ఒళ్ళు జలదరించింది, ఇన్నాళ్ళూ ఎవరి ముందు పెట్టినా కారు బుద్ధిమంతురాల్లా ప్రవర్తించింది మరి.

అప్పుడు హారన్ రిలే, పంపు రిలే రెండూ ఒకే రకం కావడంతో వాటిని అటూ ఇటూ మార్చి చూశాడు. రోగం రిలేతోపాటు హారన్‌కి వెళ్తే రిలే పోయినట్టు, ఓ రెండొందల్లో పని అయిపోతుంది. పంపు దగ్గరే ఉండిపోతే రిలే కూర్చునే సాకెట్టో, డబ్బా లోపలి పట్టీలో, అతుకులో పోయినట్టు. మాది పంపు దగ్గరే ఉండిపోయింది. ఇంకో సంగతి, మల్టీమీటరుతో ఊరికే ఫ్యూజు మీద 12 వోల్టులు చూసి బాగుందనుకోకూడదట, వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరుకి 12 చూపిస్తుంది, లోడు పడగానే కూలిపోతుంది. అందుకే 21 వాట్ల ఇండికేటర్ బల్బుతో చేసుకున్న టెస్ట్ ల్యాంపు పెట్టి, బల్బు వెలుగుతుండగా బ్యాటరీ ప్లస్‌కీ రిలే తర్వాత పిన్నుకీ మధ్య ఎంత వోల్టేజి తినేస్తోందో కొలిచాడు. 0.2 దాకా ఉంటే పర్లేదు, అర వోల్టు దాటితే అనుమానమే, మాది వేడి మీద 3 వోల్టుల పైనే తింటోంది.

రాత్రి బ్యాటరీ ఎందుకు దిగిపోతోందో కూడా అదే దెబ్బకి తేల్చాడు. కారు లాక్ చేసి, కంప్యూటర్లన్నీ నిద్రపోయేదాకా అరగంట ఆగి, బ్యాటరీ మైనస్‌లో మీటరు పెడితే మామూలుగా 50 మిల్లీ ఆంప్స్ లోపు ఉండాలి, మాది అంతకంటే ఎక్కువే ఉంది, అప్పటికి ఫ్యాన్ తిరగట్లేదు కూడా. ఫ్యాన్ రిలే పీకగానే పడిపోయింది. కొత్త రిలే పెట్టినా మళ్ళీ అదే, అంటే రిలేకి తప్పుడు కరెంటు డబ్బా లోపల్నుంచే లీకవుతోంది, ఆ లీకు కాస్త ఎక్కువైనప్పుడు రిలే పట్టుకుని ఫ్యాన్ తిరుగుతోందన్నమాట.

చివరికి బ్యాటరీ మైనస్ తీసి డబ్బా విప్పి తిరగేసి చూపించాడు. కింది కనెక్టర్లలో ఆకుపచ్చగా చిలుం, పంపు రిలే సాకెట్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి మాడి ఉంది, రెండు పిన్నులు వదులు. పై మూత తీసి చూస్తే మాత్రం కొత్తదానిలా తళతళ. షోరూం వాళ్ళు మూత తీసి చూసుంటారు, కింద చూసుండరు.

మా బాక్సు మామూలు రకం, లోపల కంప్యూటర్ లేదు, అందుకని విప్పి కడిగి, చిలుం పట్టిన టెర్మినళ్ళు కొత్తవి వేసి, ఆరబెట్టి, పంపుకి మాత్రం డబ్బా బయట విడిగా రిలే పెట్టి దానికి బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఇచ్చాడు. ఇదేదో ఆటోనగర్ జుగాడ్ అనుకున్నా, తర్వాత చదివితే అమెరికాలో 2011 మోడల్ జీప్ గ్రాండ్ చెరోకీ, డాడ్జ్ డ్యురాంగోలకి 2014లో రీకాల్ ఇచ్చి కంపెనీయే చేసింది ఇదే, వాటి పవర్ మాడ్యూల్లో (ఎలక్ట్రానిక్స్ కలిసి ఉన్న ఫ్యూజు బాక్సు) పెట్రోల్ పంపు రిలే పాడై బండి నడుస్తూ ఆగిపోయే ప్రమాదం ఉందని బయట ఇంకో రిలే పెట్టించింది. వాటిల్లో ఆ రిలే బోర్డుకే అతికి ఉంటుంది, మనలా పీకి మార్చి చూసుకునే వీలు కూడా లేదు పాపం. లోపల ఎలక్ట్రానిక్స్ ఉన్న అలాంటి బాక్సులు మన దగ్గర కూడా కొన్ని కార్లకి వస్తున్నాయి, అవి తను విప్పనని, మారిస్తే స్కానర్‌తో కోడింగ్ చెయ్యాల్సి రావచ్చని ముందే చెప్పేస్తాడు.

బిల్లు అంతా కలిపి 4,800 అయింది. సెకండ్ హ్యాండ్ బాక్సు వేస్తారా అంటే వద్దన్నాడు, పార్ట్ నంబర్ అక్షరం తేడా లేకుండా కలవాలి, పైగా ఇప్పుడు ఇక్కడ స్క్రాప్‌లో దొరికేవాటిలో వరద బళ్ళవి చాలా ఉన్నాయి, బుడమేరు నీళ్ళు తాగిన డబ్బా తీసేసి బుడమేరు నీళ్ళు తాగిన డబ్బానే కొనుక్కుంటారా అని నవ్వాడు. ఇది శాశ్వతం అని కూడా చెప్పలా. వచ్చే వానాకాలం తర్వాత ఒకసారి తెచ్చి చూపించమన్నాడు, మళ్ళీ చిలుం పడితే కొత్త బాక్సు ఒక్కటి ఆర్డర్ పెట్టుకుందాం, బాడీ మాడ్యూల్ అక్కర్లేదు అన్నాడు. ఆ తర్వాత నడి ఎండలో గుంటూరు వెళ్ళొచ్చాం, వారధి మీద కూడా ఇరుక్కున్నాం, ఆగలేదు, పొద్దున్నే బ్యాటరీ కూడా నిలబడుతోంది.

నేనుండగానే ఇంకో కారు వచ్చింది, ఎవరో 10 ఆంప్స్ ఎర్ర ఫ్యూజు మాటిమాటికీ పోతోందని అక్కడ 30 ఆకుపచ్చది కుక్కారు, వైరు తొడుగు కరిగి డబ్బాకి అంటుకుపోయింది. ఆ ఓనరుని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను గానీ ఇంకాస్త ఉంటే కారు తగలబడేదట, ఆ తిట్లు న్యాయమే.

ఇక కోసిన స్టారు సంగతి. ఫోను ఎత్తడు. సాయంత్రానికి ఇస్తా అన్న కారు మర్నాడు ఇచ్చాడు, ఆ మాట ముందే చెప్తే నేను సెలవు సర్దుకునేవాడిని. కూర్చోడానికి ఓ బల్ల ఉంది, దాని మీద ఎప్పుడూ ఎవరిదో ఆల్టర్నేటర్ ఉంటుంది. బిల్లు అడిగితే అట్ట ముక్క మీద రాసిస్తాడు, కంపెనీలో క్లెయిమ్ చేసుకోవాల్సినవాళ్ళకి పనికిరాదు. షాపు ముందు రెండు కార్లకే చోటు, మూడోది రోడ్డు మీద, లారీలవాళ్ళు హారన్లు కొడుతుంటారు.

వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి. ఏ లక్షణం ఎప్పుడు వచ్చింది, ఎండలోనా, వానలోనా, బండి వేడెక్కాకా, పొద్దున్నేనా, ఫోన్‌లో వీడియో ఉంటే ఇంకా మంచిది, అవన్నీ అడుగుతాడు. ముందురోజు వాటర్ వాష్ చేయించి మాత్రం తీసుకెళ్ళకండి, ఇంజిన్ తడిగా కనిపిస్తే ఎండబెట్టుకుని రేపు రమ్మని పంపించేస్తాడు.