టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసోలోన్: ఏళ్ల తరబడి వాడాక

అమ్మ ఇచ్చిన కిడ్నీ నాలో కుదురుకుని ఏళ్లయింది. అప్పటి నుంచీ ఈ మూడు మందులే. మూడింట్లో అసలు పని టాక్రోలిమస్‌ది, పేచీలూ దానివే.

జపాన్‌లోని సుకుబా ప్రాంతపు మట్టిలో దొరికిన బ్యాక్టీరియా నుంచి 1984లో కనుగొన్న మందు ఇది. కొత్త అవయవం మీదికి దండెత్తే టి-కణాలనే రోగనిరోధక కణాలను అణచిపెడుతుంది. మోతాదు తగ్గితే రిజెక్షన్ (ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొట్టడం) భయం, ఎక్కువైతే కాపాడాల్సిన కిడ్నీకే దెబ్బ. అందుకే డోసును నడిపించేది రక్తంలో దాని లెవెలే. ఆ పరీక్షకు రాత్రి డోసు పడిన పన్నెండు గంటలకు, పొద్దుటి డోసు వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. ల్యాబ్‌లో సూది గుచ్చేదాకా నా స్ట్రిప్ జేబులోనే ఉంటుంది. క్యాప్సూల్ మింగి వెళ్తే వచ్చే అంకె ఎందుకూ పనికిరాదు.

మొదట్లో చేతులు వణికేవి. టీ కప్పు సాసర్‌లో టకటకలాడేది. సంతకం కలవలేదని బ్యాంకువాళ్లు చెక్కు వెనక్కిచ్చారు కూడా. డోసు తగ్గించాక వణుకు తగ్గింది. షుగర్ మాత్రం వచ్చి కూర్చుంది. అందులో టాక్రోలిమస్ వాటా ఎంతో, ప్రెడ్నిసోలోన్ వాటా ఎంతో డాక్టరుగారూ తేల్చి చెప్పలేదు. ప్రెడ్నిసోలోన్ పుణ్యమా అని మొహం పూరీలా ఉబ్బింది, 5 మి.గ్రా.కు దిగాక తీసింది. మైకోఫెనోలేట్‌తో నాకు కడుపులో గడబిడ తప్ప ఇబ్బంది లేదు. పిల్లల్ని కనాలనుకునే ఆడవాళ్లు మాత్రం ముందుగానే డాక్టరుకు చెప్పి దాన్ని మార్పించుకోవాలి, కడుపులో బిడ్డకు ప్రమాదం.

పంపర పనస మానేశాను, టాక్రోలిమస్ లెవెల్ పెంచుతుంది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, ఫ్లుకోనజోల్ అనే ఫంగస్ మందు కూడా అంతే. టీబీకి వాడే రిఫాంపిసిన్ అయితే ఒక్కసారిగా పడగొట్టేస్తుంది. విరేచనాలు పట్టుకుంటే మందు ఒంటికి పట్టదనుకుంటాం కదా, దీనికి లెవెల్ పెరుగుతుంది! అందుకే జ్వరమొచ్చినా, దగ్గొచ్చినా సొంత వైద్యం బంద్.

"అదే మందు సార్, కంపెనీయే వేరు" అని మెడికల్ షాపు అబ్బాయి అంటే ఒప్పుకోను. వేరే కంపెనీది పనిచేయదని కాదు. మారిస్తే డాక్టరుకు చెప్పి మార్చాలి, మళ్లీ లెవెల్ చూడాలి.

ఓపీలో నా పక్కన కూర్చునే పెద్దాయన ఇంకా టాక్రోలిమస్ లాంటి పాత మందు సైక్లోస్పోరిన్ మీదే ఉన్నారు. ఆయనకు చిగుళ్లు వాచి, ఒళ్లంతా వెంట్రుకలు మొలిచాయి. నాకు నెత్తిన ఉన్నది కాస్తా ఊడింది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ మాత్రం ఇద్దరికీ నిలకడగానే ఉంది.